ఏటవాలు ప్లాట్‌లో పార్కింగ్: కాంపౌండ్ గోడ మట్టిని ఆపదు

ఈ ఎపిసోడ్ గోడల గురించి. గోడలో ఏముంది అని స్కిప్ కొట్టకండి. మీ ఇల్లు గుట్ట మీద ఉన్నా, గుట్ట కింద ఉన్నా, గుట్ట వాలులో ఒక ప్లాట్ కొని "మట్టి పోయిస్తే బండి పెట్టుకోవచ్చు" అని లెక్కలు వేసుకుంటున్నా, ఇది మీ కోసమే.

పాతబస్తీ అంటే బయటివాళ్ళకి చార్మినార్, లాడ్ బజార్, మక్కా మసీదు. అదంతా నడిచి తిరిగే చదును నేల. మాకు ఇంకో పాతబస్తీ కూడా తెలుసు. షాలిబండ దాటి దక్షిణానికి వస్తుంటే నేల మెల్లగా లేస్తుంది. 1884లో వికార్ ఉల్ ఉమ్రా ఫలక్‌నుమా ప్యాలెస్‌కి పునాది వేయించింది గుట్ట మీదే. చాంద్రాయణగుట్ట పేరులోనే గుట్ట ఉంది. పహాడీ షరీఫ్‌లో పహాడ్ అంటే కొండే. బండ్లగూడ వైపు కాలనీలకి హిల్స్ అని ఊరికే పేరు పెట్టలేదు. ఈ వాలుల మీద అరవై గజాలు, ఎనభై గజాలు, వంద గజాల ప్లాట్లు. పై ఇంటివాళ్ళ ఫ్లోర్ ఎక్కడుంటుందో కింది ఇంటివాళ్ళ స్లాబో, రేకులో అక్కడే ఉంటాయి.

2020 అక్టోబర్ 13 గుర్తుందా? బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వర్షం నమోదైన రోజు. ఆ రాత్రి బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ఒక ప్రైవేటు స్థలం ప్రహరీ గోడ కూలి, కింద ఉన్న ఇళ్ళ మీద పడింది. తొమ్మిది మంది చనిపోయారు. వరద అంటే మనకి పడవలు, నడుం లోతు నీళ్ళు, కొట్టుకుపోయే కార్లు గుర్తొస్తాయి. ఇక్కడ మనుషులు చనిపోయింది గోడ మీద పడి.

అదొక్కటే అయితే ఖర్మ అనుకోవచ్చేమో. 2024 మే 7 రాత్రి బాచుపల్లిలో, కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ గోడ వర్షంలో కూలింది. ఏడుగురు పోయారు, అందులో నాలుగేళ్ళ పిల్లాడు ఉన్నాడు. వాళ్ళంతా బతుకుదెరువు కోసం వచ్చిన కూలీల కుటుంబాలు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో, చందనోత్సవానికి క్యూలో నిలబడ్డ భక్తుల మీద, కొత్తగా కట్టిన గోడ వానకి కూలి మళ్ళీ ఏడుగురు. మూడు చోట్లా వాన ఉంది. మూడు చోట్లా చనిపోయినవాళ్ళు గోడకి కింది వైపు ఉన్నవాళ్ళు. గోడ కట్టించాలని నిర్ణయించింది మాత్రం వాళ్ళు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, సివిల్ కాదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో చెప్పే లెక్కలన్నీ స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా పనిచేసే ఒక స్నేహితుడి ముందు పెట్టి, ఆయన సరే అన్నాకే రికార్డ్ చేస్తున్నా. లెక్కలు కష్టం కాదు. గుణకారం వస్తే చాలు.

ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఒక వ్యూయర్ ఫోటోలు పంపి ఇలా అడిగారు: "అన్నా, మా ప్లాట్ వంద గజాలు, ఇరవై బై నలభై అయిదు. రోడ్డు కాడ సమానంగ ఉంటది, ఎనకకు పోయేసరికి ఆరున్నర ఫీట్లు లోతు అయితది. మట్టి పోసి మొత్తం లెవల్ చేసి ఆటో పెట్టుకుందామని. మేస్త్రీ తొమ్మిదించుల గోడ చాలు, నడుమ నడుమ పిల్లర్లు ఏస్తా అంటుండు. సరిపోతదా?"

సరిపోదు. ఎందుకు సరిపోదో చూద్దాం.

కాంపౌండ్ గోడ పని ఏంటి? దొంగ రాకుండా, గొర్రె రాకుండా, పక్కవాళ్ళు చూడకుండా అడ్డుగా నిలబడడం. దాని మీద పడే బలం గాలి ఒక్కటే. రెండు వైపులా నేల ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని నెట్టడం లేదు. ఒక పక్క మట్టి పోసిన నిమిషం నుంచి దాని ఉద్యోగం మారిపోతుంది. ఇప్పుడు అది రిటైనింగ్ గోడ, అంటే మట్టిని ఆపే గోడ. పేరు మార్చకుండా, జీతం పెంచకుండా, రాత్రీ పగలూ డ్యూటీ వేసినట్టు. మా ఐటీ వాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది.

మట్టి ఎంత నెడుతుంది? ఒక ఘనపు మీటరు మొర్రం సుమారు 1.8 టన్నులు. మామూలు మొర్రం, ఇసుక మట్టి లాంటివి కిందికి ఎంత బరువు వేస్తాయో, అందులో దాదాపు మూడో వంతు పక్కకి నెడతాయి. రెండు మీటర్ల లోతు, అంటే ఆ వ్యూయర్ ఆరున్నర అడుగులు. అడుగున కిందికి చదరపు మీటరుకి 3.6 టన్నులు, పక్కకి 1.2 టన్నులు. పైన సున్నా, అడుగున 1.2 కాబట్టి సగటు 0.6. దాన్ని రెండు మీటర్ల ఎత్తుతో గుణిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరునీ 1.2 టన్నుల బలం నెడుతోందన్నమాట. ఇరవై అడుగుల గోడ అంటే ఆరు మీటర్లు. మొత్తం ఏడు టన్నులు పైనే. సెలవు లేకుండా.

దీనికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. గోడ ఎత్తు రెట్టింపు అయితే నెట్టే బలం రెట్టింపు అవ్వదు, నాలుగింతలు అవుతుంది. గోడని పడదోసే శక్తి, అంటే కింది అంచు మీద గోడని తిప్పే శక్తి, ఎనిమిదింతలు అవుతుంది. మట్టి బలం గోడ ఎత్తులో మూడో వంతు దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఎత్తుతో పాటు అది కూడా పైకి జరుగుతుంది. ఒక మీటరు గోడకి ఆ శక్తి 0.1 టన్ను మీటరు అయితే, రెండు మీటర్లకి 0.8, మూడు మీటర్లకి 2.7. ఒకటి, ఎనిమిది, ఇరవై ఏడు. "పక్క గల్లీలో మూడడుగుల గోడ పదేళ్ళుగా నిలబడింది, మనది ఆరడుగులే కదా" అనే వాదన ఇక్కడే కూలిపోతుంది. ఆరడుగుల గోడ మూడడుగుల గోడకి రెండింతల కష్టం కాదు, ఎనిమిదింతల కష్టం.

ఇక తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఎంత ఆపుతుంది? రెండు మీటర్ల ఎత్తు గోడ ప్రతి మీటరు పొడవూ సుమారు 0.9 టన్నుల బరువు. కానీ మందం 23 సెంటీమీటర్లే. అది పడకుండా ఆపుకునే శక్తి అంటే బరువుని సగం మందంతో గుణించాలి. 0.1 టన్ను మీటరు వస్తుంది. పడదోసేది 0.8, ఆపేది 0.1. పిల్లర్లు వేస్తే కొంచెం కలుస్తుంది. కానీ ఆ పిల్లర్లకి సరైన ఫుటింగ్, స్టీల్ లేకపోతే అవి గోడతో పాటే వంగుతాయి.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. ఇంత తేడా ఉంటే కట్టిన రోజే పడిపోవాలి కదా? మా గల్లీలో అలాంటి గోడలు డజను చూపిస్తా, నిలబడే ఉన్నాయి. నిజమే, నిలబడే ఉన్నాయి. మొర్రంలో బావి తవ్వేటప్పుడు చూసే ఉంటారు. గోతి పక్కలు నిట్టనిలువుగా, గోడ అవసరం లేకుండానే నిలబడతాయి. తడీ పొడీ గట్టి మట్టికి తనని తాను పట్టుకునే గుణం ఉంటుంది. అంటే ఎండాకాలంలో మీ గోడ మట్టిని ఆపడం లేదు. మట్టే తనని తాను ఆపుకుంటోంది. గోడ పక్కన నిలబడి పేరు కొట్టేస్తోంది. రెండు మూడు మామూలు వానాకాలాలు గడుస్తాయి. మేస్త్రీ మాట నిజమని ఇంటాయన నమ్మేస్తారు. తర్వాత ఒక రాత్రి 19 సెంటీమీటర్లు పడుతుంది. మట్టి పట్టు వదిలేస్తుంది, గోడకి మొదటి రోజు డ్యూటీ ఆ రాత్రే.

ఆ రాత్రి మట్టితో పాటు నీళ్ళు కూడా నెడతాయి. మట్టి తన బరువులో మూడో వంతే పక్కకి నెడుతుంది అన్నాను కదా, నీళ్ళకి అలాంటి మొహమాటం లేదు. కిందికి ఎంతో పక్కకీ అంతే. రెండు మీటర్ల గోడ వెనక నీళ్ళు పైదాకా నిండితే, నీటి తోపుడు ఒక్కటే మీటరుకి 2 టన్నులు. నీళ్ళలో మునిగిన మట్టి తేలికవుతుంది కాబట్టి దాని వాటా 0.7 దగ్గరికి తగ్గుతుంది. మొత్తం 2.6, 2.7 టన్నులు. పొడి రోజు 1.2 ఉన్నది రెండింతలు దాటింది.

చాలామంది నన్ను అడిగేది బండి బరువు గురించి. "ఆటో అయితే పర్లేదు, రేపు కారు కొంటే గోడ ఆగుతుందా" అని. పార్కింగ్ కోసం చదరపు మీటరుకి అర టన్ను అని ధారాళంగా లెక్కేసినా, రెండు మీటర్ల గోడ మీద అది అదనంగా వేసే తోపుడు మీటరుకి 0.33 టన్ను. నీళ్ళు వేసేది 2 టన్నులు. కారు గురించి భయపడి, పైపు ముక్కలకి డబ్బులు దండగ అనుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

సరే, మరి ఎలా కట్టాలి?

మన హైదరాబాద్ అదృష్టం గ్రానైట్. ఇక్కడ రాయి కొదవ లేదు, రాతి పని తెలిసినవాళ్ళూ ఇంకా ఉన్నారు. చిన్న ఎత్తులకి రాతి గోడ చాలా నమ్మకమైన పద్ధతి. ఇది బరువుతో ఆపే గోడ. అందుకే దీనికి స్టీల్ కాదు, మందం కావాలి. వాడుకలో ఉన్న అంచనా, అడుగు వెడల్పు ఎత్తులో సగం నుంచి 0.7 వంతు దాకా. మన రెండు మీటర్ల గోడకి పైన 45 సెంటీమీటర్లు, అడుగున 1.2 మీటర్లు తీసుకుందాం. ప్రతి మీటరుకీ బరువు 3.8 టన్నులు. పడకుండా ఆపే శక్తి దాదాపు 2.9. పడదోసేవి మట్టి 0.8, బండ్లు 0.33, కలిపి 1.13. రెండున్నర రెట్లు భద్రం. ఇంజనీర్లు సాధారణంగా రెండింతలైనా ఉండాలంటారు, మనం దాటాం. ఇప్పుడు అదే గోడ వెనక నీళ్ళు నింపండి. పడదోసే శక్తి 2.1కి ఎగబాకుతుంది. రెండున్నర కాస్తా 1.4 అయిపోతుంది. పునాది కిందికి నీళ్ళు చేరి గోడని పైకి ఎత్తడం మొదలుపెడితే ఇంకా తక్కువ. అంటే 3.8 టన్నుల రాతి గోడని కూడా నీళ్ళు అంచుకి తీసుకెళ్తాయి. అందుకే గోడ కట్టడం సగం పనే. నీళ్ళకి దారి ఇవ్వడం మిగతా సగం.

పడిపోకుండా చూసుకున్నాం, జరిగిపోకుండా కూడా చూసుకోవాలి. గోడ నిలువుగానే ఉండి మొత్తంగా ముందుకి జారొచ్చు. దానికోసం పునాదిని పోసిన మట్టి మీద కాకుండా, తవ్వి గట్టి మొర్రమో బండో తగిలాక మొదలుపెట్టాలి. పునాది అడుగు కొండ వైపుకి కొంచెం వాలి ఉంటే జారడం కష్టమవుతుంది. నున్నటి బండ తగిలితే సంతోషపడి దాని మీదే పేర్చేయకండి. గరుకుగా చెక్కించి, మెట్టులా కొట్టించి, అప్పుడు కట్టాలి.

రాతి పనిలో చూడాల్సింది ఒకటి చెప్తా. ముందు వైపు అందమైన సైజు రాళ్ళు పేర్చి, వెనక వైపు చిన్న రాళ్ళు పోసి, మధ్యలో రాళ్ళ ముక్కలు, సిమెంటు నింపేస్తారు. అది రెండు పలచటి గోడలు పక్కపక్కన నిలబడ్డట్టే. గోడ మందాన్ని అడ్డంగా పట్టి ఉంచే పొడవాటి రాళ్ళు, వీటిని బాండ్ రాళ్ళు అంటారు, ప్రతి అర చదరపు మీటరుకీ ఒకటైనా పడాలి. గోడ పూర్తయ్యాక ఇది కనపడదు. కట్టేటప్పుడే నిలబడి చూసుకోవాలి.

ఎత్తు రెండు, రెండున్నర మీటర్లు దాటుతుంటే, లేదా స్థలం తక్కువైతే, ఆర్‌సీసీ గోడ గురించి మాట్లాడాలి. ఇంగ్లిష్ ఎల్ అక్షరాన్ని ఊహించుకోండి. నిలువు గీత గోడ, అడ్డ గీత మట్టి కిందికి వెళ్ళే పాదం. దీని తెలివి నాకు భలే నచ్చుతుంది. గోడని నెట్టే మట్టే ఆ పాదం మీద కూర్చుని గోడని లేవకుండా తొక్కిపెడుతుంది. శత్రువు బరువుతోనే శత్రువుని ఆపడం. కానీ దీనికి స్టీల్ లెక్క తప్పనిసరిగా ఇంజనీర్ వేయాలి. సైట్‌లో మనమూ ఒకటి చూడొచ్చు: గోడలో ముఖ్యమైన నిలువు కడ్డీలు మట్టి వైపు ఉండాలి. గోడ వంగేటప్పుడు సాగేది ఆ వైపే, కాంక్రీట్ సాగుడుకి పనికిరాదు. కడ్డీలు మధ్యలోనో, ముందు వైపో కట్టేస్తే స్టీల్ డబ్బులు పోసి కూడా వట్టి కాంక్రీట్ గోడ కట్టుకున్నట్టే.

కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడలకి మన దేశంలో ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 14458. మొదటి భాగం 1998 నాటిది. ఎలాంటి చోట ఏ రకం గోడ ఎంచుకోవాలో అందులో ఉంటుంది. మన సమస్య పుస్తకం లేకపోవడం కాదు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంలో 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు ఇళ్ళకి సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ చదును నేల మీద 75 గజాలూ, గుట్ట వాలు మీద 75 గజాలూ ఒకటి కాదు. మీ గోడని ఇంజనీర్ చూడాలంటే మీరే తీసుకొచ్చి చూపించుకోవాలి. ఎవరూ పంపరు.

ఇక నీళ్ళ దారి. దీని మీద కాసేపు ఉందాం, ఎందుకంటే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, ఎగ్గొట్టేది కూడా దీన్నే.

గోడలో వీప్ హోల్స్ అని రంధ్రాలు పెడతారు. మూడు నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు, ముందుకి కొంచెం వాలుగా, మీటరు, మీటరున్నర దూరంలో ఒకటి, వరస మీద వరస. అతి కింది వరస ముందు వైపు నేలకి కాస్త పైనే ఉండాలి. మధ్యలో ఒక వరస పెట్టి వదిలేస్తే, దాని కింద ఉన్న నీళ్ళన్నీ వెనకే ఉండిపోతాయి. చాలా గోడలకి ఈ రంధ్రాలు ఉంటాయి, పనిమాత్రం చేయవు. పైపు వెనక నేరుగా మట్టి ఉంటే రెండు వానలకే మూసుకుపోతుంది. కొన్ని చోట్ల ప్లాస్టరింగ్ చేసేటప్పుడు అందం కోసం పూడ్చేస్తారు కూడా.

అందుకే గోడకీ మట్టికీ మధ్య ఒక అడుగు మందాన, కింద నుంచి పైదాకా కంకర నింపాలి. మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. నీళ్ళని వదిలి మట్టిని ఆపే వడపోత గుడ్డ అది, టీ వడకట్టినట్టే. అడుగున రంధ్రాలున్న పైపు ఒకటి గోడ పొడవునా పరిచి, పక్కకి తీసుకెళ్ళి డ్రైన్‌లో కలిపితే ఇంకా మంచిది. పైన చివరి అడుగు మాత్రం గట్టి మట్టి, దాని మీద కాంక్రీట్ బెడ్డు. వాన నీళ్ళు లోపలికి దిగకూడదు, దిగినవి లోపల ఆగకూడదు.

పార్కింగ్ నేల లెవల్‌గా ఉండాలి అంటే సున్నా వాలు అని కాదు. యాభై అడుగులకి ఒక అడుగు వాలు ఇస్తే బండికి తెలియదు, నీళ్ళకి తెలుస్తుంది. ఆ వాలు గోడ వైపు కాకుండా రోడ్డు డ్రైన్ వైపు ఉండాలి. మేడ మీది వాన గొట్టం గోడ వెనక మట్టిలోకి వదలడం, సెప్టిక్ ట్యాంకో, నీళ్ళ సంపో గోడకి ఆనించి కట్టడం, ఈ రెండూ మన గల్లీల్లో నేను ఎన్నిసార్లు చూశానో. కారే సంపు అంటే మీ గోడకి ఏడాది పొడవునా వానాకాలమే.

వీప్ హోల్స్ నుంచి వచ్చే నీళ్ళు ఎక్కడికి పోతాయి? కింది ఇంటి గోడ మీదకి. అక్కడ గొడవ మొదలవుతుంది. వాళ్ళు రాత్రికి రాత్రి సిమెంటు పెట్టి రంధ్రాలు మూసేస్తారు. వాళ్ళనీ తప్పు పట్టలేం, వాళ్ళ వంటింట్లోకి నీళ్ళు వస్తుంటే ఏం చేస్తారు? కాబట్టి గోడని హద్దు మీదకి జరపకుండా, ముందు ఒక అడుగు మీ స్థలంలోనే వదిలి కాలువ కట్టి, దాన్ని పైపుతో వీధి డ్రైన్‌కి కలపాలి. కట్టకముందే కింది ఇంటివాళ్ళతో మాట్లాడాలి. కాగితం మీద గోడ మీదే, కానీ దాని నీడలో పడుకునేది వాళ్ళు.

నింపే మట్టి గురించి ఒక మాట. ఊరికే వస్తుందని పాత ఇళ్ళు కూల్చిన మలబా పోయిస్తారు. అందులో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, చెక్క, అన్నీ ఉంటాయి. సందుల్లో నీళ్ళు నిలుస్తాయి, ఏడాదిలో నేల కుంగుతుంది. నల్లరేగడి ఇంకా ప్రమాదం, తడిస్తే ఉబ్బి గోడని నెడుతుంది. మంచి మొర్రం తెప్పించి, ఎనిమిది తొమ్మిది అంగుళాల పొర పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆ తర్వాతే ఇంకో పొర. గోడ దగ్గర చేతి దిమ్మిసే వాడాలి, జేసీబీని గోడ అంచుకి రానివ్వద్దు. గోడ క్యూరింగ్ పూర్తవ్వకముందే ట్రిప్పర్ తెచ్చి ఒకేసారి గుమ్మరించడం అయితే అసలు వద్దు.

ఇప్పుడు ఆ వ్యూయర్ ప్లాట్‌కి వద్దాం. రెండు మీటర్ల రాతి గోడ కడితే అడుగు వెడల్పు నాలుగు అడుగులు. ఇరవై అడుగుల పొడవుకి ఎనభై చదరపు అడుగులు, అంటే దాదాపు తొమ్మిది గజాలు గోడే తినేస్తుంది. వంద గజాల్లో తొమ్మిది. అందుకే మేస్త్రీలు పలచటి గోడ చెప్తారు, వినేవాళ్ళకి అదే తీపిగా ఉంటుంది. పైగా వెనక గోడ ఒక్కటే కాదు, రెండు పక్కలా కూడా వాలుతో పాటు మట్టిని ఆపే గోడలు కావాలి.

సాఫ్ట్‌వేర్‌లో నేను నేర్చుకున్న పనికొచ్చే విషయం ఏంటంటే, కోడ్ రాసే ముందు అడిగినవాళ్ళకి నిజంగా ఏం కావాలో అడగడం. ఆయనకి కావాల్సింది నలభై అయిదు అడుగుల చదును నేలా, ఒక బండి పెట్టుకునే చోటా? బండికి రోడ్డు పక్కన పద్దెనిమిది అడుగులు చాలు, కారుకైనా. వాలు సమానంగా ఉంటే పద్దెనిమిది అడుగుల దగ్గర లోతు 2.6 అడుగులే, అంటే 80 సెంటీమీటర్లు. ఆరున్నర అడుగుల గోడ కాస్తా రెండున్నర అడుగుల గోడ అయింది. ఎత్తు నలభై శాతం, పడదోసే శక్తి మాత్రం పదిహేనో వంతు. మిగతా ఇల్లు మెట్టు దిగి కింది లెవల్‌లో కట్టుకోవచ్చు. గుట్టల మీద పాతకాలం ఇళ్ళు అలాగే మెట్లు మెట్లుగా ఉంటాయి. ఇంకో ముఖ్యమైన లాభం, ఆ చిన్న గోడ ప్లాట్ మధ్యలో ఉంటుంది. కింది ఇంటికి ఇరవై ఏడు అడుగుల దూరంలో.

లేదు, వెనక దాకా లెవల్ కావాల్సిందే అంటే మట్టి పోయడం మానేసి, పిల్లర్ల మీద స్లాబ్ వేసుకోండి. గట్టి నేల దాకా ఫుటింగ్‌లు, పైన పార్కింగ్ స్లాబ్, కింద ఖాళీగా ఒక గది దొరుకుతుంది. పోసిన మట్టి లేనప్పుడు నెట్టేది ఉండదు. వంద గజాల ప్లాట్‌లో తొమ్మిది గజాలు గోడకి ఇవ్వడం కన్నా చాలాసార్లు ఇదే మంచి బేరం. ఖర్చు ఇంజనీర్‌తో రెండు రకాలుగానూ వేయించి పోల్చుకోండి. రాతి గోడ, మొర్రం, దిమ్మిస కూలీ, డ్రైన్, అన్నీ నిజాయితీగా కలిపితే మట్టి నింపడం అనుకున్నంత చవక కాదు.

రెండు చిన్న గోడలు మెట్లలా కట్టడం కూడా ఒక దారే. కానీ రెండిటి మధ్య దూరం ఉండాలి. పై గోడ పునాది కింది గోడ వెనకే పడితే, పై గోడ బరువంతా కింది గోడనే నెడుతుంది. గోడ తక్కువైందని దాని నెత్తి మీదే ఇటుక వరసలు లేపి, ఇంకో మూడడుగుల మట్టి పోయడం మాత్రం ఎప్పటికీ వద్దు. ఒకటి, ఎనిమిది, ఇరవై ఏడు లెక్క అక్కడికీ వర్తిస్తుంది.

ఇప్పటికే గోడ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కింద ఉంటున్నవాళ్ళు, ఇది వినండి. మేస్త్రీ దగ్గరుండే గుండు దారం పై నుంచి వేలాడదీసి, గోడకీ దారానికీ మధ్య దూరం పైన, మధ్యలో, కింద కొలవండి. ఫోన్‌లో తేదీతో ఫోటో తీసి పెట్టుకోండి. నెల తర్వాత మళ్ళీ కొలవండి. మధ్యలో పొట్ట ఉబ్బినట్టు కనిపించినా, అడ్డంగా పొడవాటి పగులు వచ్చినా, పైన పార్కింగ్ నేలలో గోడకి సమాంతరంగా చీలిక పడినా, గోడ కదులుతోందని అర్థం. వాన పడుతున్నప్పుడు వీప్ హోల్స్ పొడిగా ఉండి, గోడ మాత్రం చెమటపట్టినట్టు తడిగా ఉంటే, నీళ్ళు వెనక నిలిచిపోయాయని అర్థం. ఆ చీలికకి పై నుంచి సిమెంటు పూసి ఊరుకుంటే లోపలి కదలిక ఆగదు, మీకు కనపడకుండా పోతుంది అంతే.

వానలో అది కనిపిస్తే, పైన ఉన్నవాళ్ళు బండ్లు గోడ అంచు నుంచి తీసేయాలి, మేడ నీళ్ళు వేరే వైపు మళ్ళించాలి, చీలిక మీద టార్పాలిన్ కప్పాలి. అయితే ఇవన్నీ రెండో పని. మొదటి పని కిందికి దిగి ఆ ఇంటి తలుపు కొట్టడం. గోడ వైపు గదిలో ఎవరూ పడుకోవద్దని, వాన ఆగి ఇంజనీర్ చూసేదాకా వేరే చోట ఉండమని చెప్పాలి. జీహెచ్ఎంసీ హెల్ప్‌లైన్ 040-21111111కి ఫోన్ చేసి గల్లీ పేరు, దగ్గర్లో ఉన్న గుర్తు చెప్పండి. ఎండాకాలంలో అయితే ఇంజనీర్‌ని పిలిచి, గోడకి కొత్త రంధ్రాలు వేయించొచ్చా, వెనక మట్టి కొంత తీయించొచ్చా అని అడగండి. చాలాసార్లు గోడని బలపరచడం కన్నా వెనక మట్టి రెండు అడుగులు తగ్గించడమే తేలిక. పార్కింగ్ ఒక మెట్టు కిందికి దిగుతుంది, అంతే.